పుస్తకం తిరిగి అడిగే మనిషి

నాగారం

బిడ్డా,

 

మొన్న ఫోన్లో ఒక మాట అన్నావు. "పెద్దనాన్నా, పెళ్ళికి ముందు వారానికో నవల నమిలేసేదాన్ని, ఇప్పుడు ఏడాదికి ఒక్కటి కూడా కావట్లేదు, టైం దొరకట్లేదు" అన్నావు. అప్పుడే జవాబు చెప్పబోయాను. నీ కుక్కర్ కూత పెట్టింది, మాట అక్కడ ఆగింది. మళ్ళీ చేసి చెప్పినా "సరే పెద్దనాన్నా" అని పెట్టేస్తావని నాకు తెలుసు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఉత్తరమైతే సగంలో మడిచి పెట్టి, పిల్లవాడు పడుకున్నాక తీసుకోవచ్చు.

టైం లేదన్న నీ మాట నేను నమ్ముతాను. తూంకుంటలో చీకటితో లేచి, రెండు టిఫిన్ బాక్సులు కట్టి, పిల్లవాణ్ణి స్కూలు వ్యాను ఎక్కించి, నువ్వు తుర్కపల్లి కంపెనీ బస్సు అందుకుని, ల్యాబులో రోజంతా నిలబడి, ఆడిట్ వచ్చిందంటే రాత్రిదాకా రిజిస్టర్ల ముందే ఉండే మనిషివి. పొద్దున ఇంకో గంట ముందు లేచి చదువుకో అని పెద్దమనుషులు సలహాలిస్తుంటారు చూడు, ఆ సలహా నేనివ్వను. అది చెప్పేవాళ్ళ ఇంట్లో పొద్దున స్టవ్ ఎవరు వెలిగిస్తారో ముందు తెలియాలి.

అయినా ఒక సందేహం. పెళ్ళికి ముందు మాత్రం నీకు టైం ఎక్కడుంది? బీఫార్మసీ పరీక్షలు, రికార్డులు, తర్వాత అప్రెంటిస్ ఉద్యోగం. అప్పుడు హాస్టల్ గదిలో నలుగురు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. ఒక పుస్తకం వస్తే నలుగురిదీ. నువ్వు ఎప్పుడు ముగిస్తావా అని పక్క మంచం మీద ఒకరు కాచుకుని ఉండేవాళ్ళు. చివర్లో ఏమైందో చెప్పొద్దని చెవులు మూసుకునేవాళ్ళు ఇంకొకరు. నువ్వే నవ్వుతూ చెప్పావు ఇవన్నీ. ఇప్పుడు నీ చుట్టూ అంతమంది ఉన్నారు గానీ, ఆ పుస్తకం ఎక్కడిదాకా వచ్చింది అని అడిగే మనిషి ఒక్కరూ లేరు. నీ చదువు ఆగింది అక్కడ అని నా లెక్క. టైం కరువు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

నేను ఈసీఐఎల్ దగ్గర ఫ్యాక్టరీలో చేరిన కొత్తల్లో మా వర్క్‌షాపులో వారపత్రిక ఒక్క కాపీ వచ్చేది. ఆంధ్రభూమిలో యండమూరి 'తులసిదళం' సీరియల్ వస్తున్న రోజులు. కొనేది టూల్ రూంలో ఒకాయన. ఆయన చదివాక లేత్ మిషన్ల వైపు వచ్చేది, అక్కణ్ణించి స్టోర్స్‌కు, సెకండ్ షిఫ్ట్ వాళ్ళకు. చేతుల నూనె అంటి, నాలుగో రోజుకు పేజీలు అద్దాల్లా అవతలి అక్షరాలు చూపించేవి. ఆలస్యం చేశావంటే క్యాంటీన్లో నీ పేరు మారుమోగేది. మాలో ఎవరికీ తీరిక లేదు. ఓవర్‌టైం, ఇంటి అద్దె, రేషన్ లైను అందరికీ ఉన్నాయి. కానీ నీ తర్వాత ఇంకొకడు చేయి చాచి నిలబడితే నువ్వు చదివి తీరతావు. సీరియల్ అయిపోయాక ఆ పేజీలన్నీ చించి బైండు చేయించేవాళ్ళం. ఆ బైండు మళ్ళీ చుట్టూ తిరిగేది. మీ పెద్దమ్మ అల్మారాలో అలాంటి బైండ్లు ఇప్పటికీ ఉన్నాయి. వెనక పేజీల్లో మనిషి మనిషి పేరు, తీసుకున్న తారీఖు.

అద్దె పుస్తకాల షాపులు నీకు తెలియవనుకుంటా. డిపాజిట్ కట్టి, రోజుకింత అని అద్దె ఇచ్చి నవల తెచ్చుకునేవాళ్ళం. ఇంట్లో ఉంచుకున్నన్ని రోజులు అద్దె పెరుగుతూ ఉంటుంది. ఇంటికి తెచ్చింది తెచ్చినట్టు చదవాల్సిందే. పైసల భయం అంటావా, కొంత అదే. కానీ వెళ్ళినప్పుడల్లా షాపాయన "ఎట్లుంది?" అని అడిగేవాడు. బాగోలేదంటే ఇంకోటి తీసి చేతిలో పెట్టేవాడు. సాహిత్య విమర్శ నేను నేర్చుకున్నది ఆ కౌంటర్ దగ్గరే అంటే మీ పెద్దమ్మ నవ్వుతుంది.

ఇదంతా మా తరం గొప్పలు అనుకోవద్దు. ఇంకొంచెం వెనక్కి పోయి చూడు. మన దగ్గర తెలుగు చదువు నిలబడిందే ఇట్లా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ, పెద్ద చదువులు ఉర్దూలో. ఆ హైదరాబాదులో 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. ఎక్కడ? రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటి వాళ్ళు వెనక నిలబడ్డారు. ఇప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఉంది, వీలైతే పిల్లవాణ్ణి తీసుకుని ఒకసారి వెళ్ళు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వచ్చింది. తర్వాత ఊళ్ళలో చిన్న చిన్నవి లేచాయి. ఒక గది, ఒక బల్ల, నాలుగు పత్రికలు. ఒకరు పైకి చదువుతుంటే అక్షరం రానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. గ్రంథాలయం పెట్టాలంటే అధికారుల అనుమానపు చూపులు, అనుమతుల గొడవ. నలుగురు కూడి చదివితే ఏమవుతుందో ఆ అధికారులకు బాగా తెలుసు. మనమే మరిచిపోయి, చదువంటే తలుపేసుకుని ఒంటరిగా చేసుకునే పని అనుకుంటున్నాం.

వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి నీకు చెప్పాలి. మీ సిలబసులో ఉన్నాడో లేడో. నల్లగొండ జిల్లా మనిషి. చదువుకోవడానికి దారి లేక ఒక పంతులుగారి ఇంట్లో వంటపని చేస్తూ అక్షరాలు పట్టుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేశాడు. గోల్కొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. తీరిక గురించి మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే అది ఆయనకు ఉండాలి. ఆ మనిషి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేయించాడు. అచ్చువేసి కూర్చోలేదు, తానే మోసుకుని తిరిగి అమ్మాడు. నెత్తిన పుస్తకాలు పెట్టుకుని గుమ్మం ముందుకొచ్చిన మనిషిని ఊహించుకో. ఈసారి వచ్చినప్పుడు "పోయినసారిది చదివారా?" అని అడగడూ? ఆ ప్రశ్న కోసమైనా చదివి పెట్టుకుంటారు జనం.

తర్వాత ఆయన జైలుకు పోయాడు. నిజామాబాద్ జైల్లో కవి దాశరథి, ఆయన ఒకచోట ఉన్నారు. రాసుకోవడానికి కాగితం లేక దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు. చదవడానికి పక్కన ఆళ్వారుస్వామి ఉన్నాడు. బయటికొచ్చాక దాశరథి తన కవితల పుస్తకం 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఒక్క పాఠకుడు చాలు, గోడ కూడా పుస్తకమైపోతుంది.

అటు కృష్ణా డెల్టా సంగతి ఇంకా విచిత్రం. పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ మీద ఊరూరికీ తిప్పించారు. పొలం పనుల్లో ఉన్నవాళ్ళు గ్రంథాలయానికి రాలేరు కదా, గ్రంథాలయమే ఒడ్డుకు వచ్చేది. రేవులో ఆగినప్పుడు పాతది ఇచ్చి కొత్తది తీసుకోవాలి. పడవ మళ్ళీ వస్తుందని తెలిస్తే పుస్తకాన్ని అటక మీద పడేయరు. నీ అల్మారాలో కొని, చదవకుండా పెట్టిన పుస్తకాలు ఎందుకు అట్లాగే ఉన్నాయో ఇప్పుడు అర్థమైందా? వాటి కోసం ఏ పడవా రాదు.

నువ్వు వాదిస్తావు, నాకు తెలుసు. ఏ తోడూ లేకుండా, నెత్తిన కొండంత పని పెట్టుకుని చదివినవాళ్ళు లేరా అంటావు. ఉన్నారు. పి.వి. నరసింహారావు గారు మంత్రిగా ఉంటూ విశ్వనాథ 'వేయిపడగలు' అంతటినీ హిందీ చేశారు. 'సహస్రఫణ్' పేరుతో 1968లో వచ్చింది. అంత లావు నవల చదవడమే మనకు యజ్ఞం, ఆయన వాక్యం వాక్యం తిరగరాశారు. అటువంటివాళ్ళకు దండం పెట్టాలి, కానీ వాళ్ళను చూసి మన దినచర్య రాసుకోకూడదు. వాళ్ళతో పోల్చుకుంటే రెండో రోజే సిగ్గేసి మానేస్తాం.

జనవరిలో ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుని ఏడాదికి యాభై పుస్తకాలని గురి పెట్టుకున్నావట, అల్లుడు చెప్పాడు. మార్చికల్లా అది తెరవడమే మానేశావట. మంచిపని చేశావు. పొద్దంతా ల్యాబులో నీ పని లెక్కలే. బ్యాచ్ నంబరు, రీడింగు, టార్గెట్టు. ఇంటికొచ్చాక కథ కూడా నీకు టార్గెట్టు అయితే మనసు ఎదురు తిరగదా? పైగా లెక్క కోసం చదివేవాళ్ళు సన్న పుస్తకాలు వెతుక్కుంటారు, లావుపాటివి చూసి జంకుతారు, నచ్చిన పేజీ దగ్గర ఆగరు. ఆ యాప్ నిన్ను "ఎట్లుంది?" అని అడగదు. "ఎన్ని?" అనే అడుగుతుంది.

సన్న పుస్తకాలంటే గుర్తొచ్చింది. వాటిని తక్కువగా చూడమని కాదు నా మాట. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు 1980లో మొదలుపెట్టినప్పుడు సామాన్యుడి చేతికి, జేబుకు అందే పుస్తకాలే వేయాలనుకున్నారు. అలెక్స్ హేలీ 'రూట్స్' అంత గ్రంథాన్ని సహవాసి గారు కుదించి 'ఏడు తరాలు'గా ఇచ్చారు. మా ఫ్యాక్టరీలో ఆంగ్లం ఒక్క ముక్క రానివాళ్ళు దాన్ని చదివి, అందులోని కుంటా కింటే గురించి తమ తాత గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. బస్సులో హ్యాండ్‌బ్యాగులో పట్టే పుస్తకమైతే నీకు మరీ మంచిది.

ఇక నీకు తోడు ఎక్కడ దొరుకుతుందంటావా? మొదటి తోడు నీ ఇంట్లోనే ఉంది, నువ్వు చూడలేదు. మీ అత్తమ్మ. పెళ్ళిచూపులకు వచ్చినరోజు కట్నకానుకల మాటల మధ్య, 'సెక్రటరీ' నవలలో రాజశేఖరం గొప్పా జయంతి గొప్పా అని నాతో వాదనకు దిగిన మనిషి ఆవిడ. యద్దనపూడి నవలలు పోపు డబ్బా వెనక దాచుకుని చదివిన తరం. ఇప్పుడు కళ్ళు సహకరించక టీవీ ముందు కూర్చుంటోంది. మీ ఇద్దరి మధ్య కూర ఉప్పు గురించీ పిల్లవాడి జలుబు గురించీ తప్ప వేరే మాట నడవదని నువ్వే ఒకసారి బాధపడ్డావు. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు ఆవిడకు పైకి చదివి వినిపించు. ఒక్క నవల. మంచి పట్టు మీద ఆపేయి. మర్నాడు నువ్వు మరిచినా ఆవిడ మరవదు, "నిన్న ఎక్కడ ఆపాం?" అని తనే అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న చేసే పని ఏ దినచర్యా చేయలేదు. పిల్లవాడు ఆ పక్కనే పడుకుని వింటాడు, అది అదనం. వాడికి చదవమని వేరుగా నీతులు చెప్పే పని తప్పుతుంది.

రెండో తోడు కంపెనీ బస్సులో ఉంటుంది. షామీర్‌పేట దాటేదాకా అందరూ ఫోన్లలో తలలు వంచి ఉంటారని అన్నావు. అందులో ఒకరైనా ఒకప్పుడు చదివినవాళ్ళు ఉంటారు, నీలాగే లోపల కుమిలిపోతూ. నువ్వు పుస్తకం తెరిచి కూర్చుంటే వాళ్ళే పలకరిస్తారు. చదివాక వాళ్ళకు ఇచ్చేయి. తిరిగి వస్తుందా రాదా అని బెంగపడకు. ఇచ్చిన పుస్తకం ఎప్పుడూ పూర్తిగా పోదు, దాని గురించి మాట్లాడుకునే మనిషి మిగులుతాడు. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలకో ఆ మనిషితో కలిసి వెళ్ళు. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరూ చదువుతారు, ఒక్కరే కొంటే సంచి బరువు మిగులుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నువ్వు ఇంటిపన్ను కట్టిన రశీదు ఎప్పుడైనా పూర్తిగా చదివావా? అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గీత ఉంటుంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. మా నాగారం చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, ఆ ప్లాట్లలో లేచిన ప్రతి ఇల్లూ ఆ పైసలు కడుతూనే ఉంది. అంటే ఏడాదికోసారి నువ్వూ నేనూ గ్రంథాలయానికి డబ్బిచ్చి, అటువైపు తొంగి చూడకుండా వచ్చేస్తున్నాం. వెళ్ళి సభ్యత్వం తీసుకో. మన వైపు శాఖా గ్రంథాలయాల్లో కుర్చీలన్నీ గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు తయారయ్యే పిల్లలతో నిండి ఉంటాయి, నవలల బీరువాల వైపు దుమ్ము ఉంటుంది. ఆ పిల్లల్ని చూసి ముఖం చిట్లించుకోకు. ఉద్యోగం కోసం చదివే చదువు తక్కువదేం కాదు, నువ్వూ నేనూ అలాగే బతుకు కట్టుకున్నాం. బీరువా తాళం తీయమని అడుగు. అడిగేవాళ్ళుంటేనే ఆ తాళం తుప్పు పట్టకుండా ఉంటుంది. తెచ్చుకున్న పుస్తకానికి గడువు ఉంటుంది చూశావా, అదే మన కాలువ మీది పడవ.

ఫోన్ తీసి పడేయమని నేను చెప్పను. దానిలో పుస్తకాన్ని చదివి వినిపించేవి ఉన్నాయట, వంట చేస్తూ విను, తప్పేముంది? పాత రోజుల్లో గ్రంథాలయం బల్ల చుట్టూ కూర్చుని విన్నవాళ్ళను నిరక్షరాస్యులన్నారు గానీ, దేశం సంగతులు అందరికంటే వాళ్ళకే బాగా తెలిసేవి. నాకు నచ్చనిది ఒక్కటి. నవల మొత్తాన్ని పది నిమిషాల వీడియోలో సారం పిండి చెప్పేవాళ్ళున్నారు. అది విని ఆ పుస్తకం చదివానని నలుగురిలో అనకు. ఇక్కడ మాత్రం నేను మొండివాణ్ణి. చదవలేదంటే పరువేం పోదు. చదివానని చెబితే అవతలి మనిషి నీతో మాట్లాడాలని ఉత్సాహంగా మొదలుపెడతాడు, నువ్వు తడబడతావు, ఇంకెప్పుడూ ఆ మనిషి నీ దగ్గర పుస్తకం ఊసెత్తడు. ఉన్న ఒక్క తోడూ అట్లా పోతుంది.

నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేయడానికి మొహమాటపడకు. పెద్ద పేరున్న పుస్తకమైనా సరే. నాకు అచ్చిరాని మహాగ్రంథాలు చాలా ఉన్నాయి, పేర్లు రాస్తే మీ నాన్న దెబ్బలాటకు వస్తాడు. అలాగే చదవనివాళ్ళను చూసి నవ్వకు. అల్లుడు పుస్తకం ముట్టడని రెండుసార్లు అన్నావు. ఆయన క్రికెట్ గురించి మాట్లాడినప్పుడు నువ్వు ఎంత శ్రద్ధగా వింటావో అది కూడా ఆలోచించుకో. చదువుతున్నామన్న గర్వం ఎక్కినవాళ్ళతో కలిసి చదవాలని ఎవరికీ ఉండదు.

మన కీసరగుట్ట సంగతి ఎప్పుడూ చెప్పలేదేమో. అక్కడి రాతి మీద విష్ణుకుండినుల కాలంనాటిదని చెప్పే చిన్న తెలుగు రాత ఒకటి ఉంది. అయిదో శతాబ్దందంటారు. రాజుగారి బిరుదులేవీ లేవు దాంట్లో. రాళ్ళు తొలిచే పనివాళ్ళను తెలిపే మాట అది. చెమటోడ్చే చేతుల దగ్గర అక్షరం ఉండటం మన నేలకు కొత్త కాదని చెప్పడానికి రాశాను, ఇంకేం లేదు. పిల్లవాడికి శివరాత్రికి జాతర చూపించడానికి వచ్చినప్పుడు చెప్పు.

మీ నాన్న ఆదివారం అటు వస్తున్నాడు. ఆయన చేత ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి' పంపుతున్నాను. నిజాం కాలంలో దొర చేతిలో నలిగిన ఒక ఊరు, దానికి ఎదురు నిలిచిన కంఠీరవం కథ. మీ అత్తమ్మకు వినిపించడానికి బాగుంటుంది, ఆవిడ పుట్టింటి ఊళ్ళో దొర గడి ఇప్పటికీ ఉందంటుంది కదా. దారిలో మీ నాన్న మొదటి పేజీలు తిరగేసి "నేను చదివేసి తర్వాత ఇస్తాను" అంటాడు. ఇవ్వకు. నూట ఇరవయ్యో పేజీ దగ్గర బస్సు టికెట్ ఉంటుంది, దాన్ని తీయొద్దు. మీ పెద్దమ్మ అక్కడిదాకా వచ్చింది, నీకోసం మధ్యలో ఆపి ఇస్తోంది. వచ్చే నెల పున్నమి లోపల పుస్తకం వెనక్కి కావాలని గట్టిగా చెప్పమంది. నువ్వు ఎక్కడిదాకా చదివావో ఈ వారం నుంచే ఫోన్ చేసి అడుగుతుందట. ఆవిడ సంగతి నీకు తెలుసుగా.

నీ
పెద్దనాన్న